కచ్చితంగా నలభై గజాలు

"యాభై ఎనిమిది గజాలు," అంది లవోన్, దూరం కొలిచే యంత్రాన్ని కంటి మీంచి దించుతూ. "వెయ్యను."

పక్కనే ఫర్ చెట్టు మొదట్లో నక్కి కూర్చున్న ఎల్డన్‌కి ఒళ్లు మండింది. వాగుకు అవతలి వాలు మీద కొమ్ముకి ఏడు శాఖలున్న ఎల్క్ పోతు, గుర్రమంత దుప్పి, డొక్క మొత్తం వీళ్లకి చూపిస్తూ నిలబడి ఉంది. దాన్ని అక్కడిదాకా రప్పించడానికి ఎల్డన్ గంటసేపు ఆడ ఎల్క్‌లా పిలుపు ఊదాడు. విల్లుతో వేటకి గడువు ఆ పొద్దుతో సరి. అతను పిలవాలి, వదిన లవోన్ వెయ్యాలి అన్నది ఒప్పందం. ఒంటి మనిషి, స్కూలు బస్సు నడుపుకునే ఆవిడ. ఒక్క పోతు పడితే చలికాలమంతా మాంసం కొనక్కర్లేదు.

"అది నలభై, వదినా. ముప్పై ఏళ్లుగా ఈ కొండల్ని చూస్తున్న కళ్లివి."

"యంత్రం కళ్లు కొత్తవిలే. దానికి సరిగ్గానే కనిపిస్తోంది."

ఎల్డన్ గొంతు తగ్గించి లెక్క చెప్పాడు. పొగమంచుకి ఆరు గజాలు తీసేశాడు. నేల వాలుకి ఐదు తీసేశాడు. మిగిలిన ఏడూ యంత్రం చవకబారుదని తీసేశాడు. సరిగ్గా నలభై మిగిలింది.

లవోన్ విల్లు ఎత్తలేదు. పెరట్లో నలభై గజాల నుంచి వేస్తే తన బాణాలు ఐదుకి ఐదూ పళ్లెమంత చోట గుచ్చుకుంటాయనీ, యాభై నుంచి వేస్తే రెండు గడ్డిలోకి పోతాయనీ చెప్పింది. పళ్లెం కదలదు, పోతు కదులుతుంది. బాణం గాల్లో ఉండగా అది ఒక్క అడుగు వేసిందంటే దెబ్బ పొట్టలో తగులుతుంది. అది ఏ పొదలోనో మూడు రోజులు పడి చస్తుంది, మనకీ దొరకదు. దగ్గరికి రానీ, చూద్దాం అంది.

పోతు నిజంగానే తల తిప్పింది. వాగు వైపు ఒక అడుగు దిగింది. ఇంకో అడుగు దిగింది. లవోన్ బాణం సంధించి, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

అది మూడో అడుగు వేసేదాకా ఎల్డన్ ఆగలేకపోయాడు. తన విల్లు అందుకుని లాగి వదిలేశాడు.

బాణం పోతు కాళ్ల ముందు బురదలో దిగబడింది. పోతు దాన్ని చూసింది, వీళ్లని చూసింది, పెద్ద తొందరేమీ లేకుండా వెనక్కి తిరిగి గట్టెక్కి వెళ్లిపోయింది.

లవోన్ తను సంధించిన బాణాన్ని తీసి మెల్లగా పొదిలో పెట్టుకుంది. అది చూసి ఎల్డన్ మొహం కాస్త చిన్నబోయింది. అంతలోనే అతనికి ఒక భయం పట్టుకుంది. ఊళ్లో విల్లు వేటగాళ్ల సంఘానికి అధ్యక్షుడు అతనే. నలభై గజాలు దాటి బాణం వదిలినవాడికి ఏడాదిపాటు సంఘంలో చోటు లేదన్న నియమం రాసిందీ అతనే.

అందుకని దూరాన్ని అడుగులతో కొలవడానికి బయల్దేరాడు. ఎల్డన్‌వి అసలే పొడుగు కాళ్లు. ఆ రోజు ఇంకా పొడుగయ్యాయి. ముప్పై దగ్గర వాగు వచ్చింది. దాన్ని ఒక్క గెంతులో దాటి ముప్పై ఒకటి అన్నాడు. వాలు మీద తొమ్మిది అంగలు సాగదీసి బాణం దగ్గరికి చేరాడు.

"నలభై," అన్నాడు రొప్పుతూ. "కచ్చితంగా నలభై. చూశావుగా."

"చూశాను," అంది లవోన్.

ఆ సాయంత్రం సంఘం హాల్లో వేట ముగింపు విందు. చిక్కుడు గింజల కూర గిన్నెలు చేతుల్లోకి రాగానే, ఎవరూ అడక్కముందే ఎల్డన్ లేచి జరిగింది చెప్పాడు. కచ్చితంగా నలభై గజాలు, గాలి కొట్టి బాణం పక్కకి పోయింది, వదిన సాక్ష్యం అన్నాడు. అతను కూర్చోగానే లవోన్ లేచింది.

నలభైయే అంది లవోన్. మరిది తన కళ్లముందే అడుగులేసి కొలిచాడని కూడా చెప్పింది. ఎల్డన్ ఊపిరి పీల్చుకున్నాడు. లవోన్ ఇంకా కూర్చోలేదు.

"గాలి మాత్రం లేదు," అంది. "ఆకు కూడా కదల్లేదు. పోతు కొట్టం గోడలా అడ్డంగా నిలబడింది. ఉన్నమాట చెప్పాలిగా."

 కార్యదర్శి రోస్కో మంచివాడు, మనసులో ఏదీ దాచుకోడు. కళ్లజోడు తుడుచుకుని, బాధపడుతూనే చెప్పాడు. నియమం మీరలేదు కాబట్టి అధ్యక్ష పదవికి ఢోకా లేదు. కానీ గాలి లేనప్పుడు, నలభై గజాల్లో, నిలబడ్డ పోతునే కొట్టలేని మనిషిని అడవిలోకి వదలడం జంతువుల పట్ల దయ కాదు. వసంతంలో పిల్లలకి విల్లు నేర్పే తరగతి మొదలవుతుంది. అధ్యక్షుడు అందులో చేరితే మంచిది. పది గజాల నుంచి, రబ్బరు మొన బాణాలతో.

ఎవరో కూర గిన్నెలోకే నవ్వారు. పిల్లల విల్లు ఆయన చేతికి పడుతుందా అని ఇంకెవరో అడిగారు. తీర్మానం రాయడానికి రోస్కో కలం తీశాడు.

నోరు మూసుకుని కూర్చుంటే ఎల్డన్ కుర్చీ ఎల్డన్‌దే. అతను నవ్వుతున్న మొహాల్ని ఒక్కొక్కటే చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. చివరికి కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"సరిగ్గా రాసుకో, రోస్కో," అన్నాడు. "నేను వేసింది ఎనభై గజాల నుంచి."