గాలం దారం

"ఈరోజు కూడా కాలు కదలకపోతే ఇంతే సంగతులు," అంది భార్య, మంచం చివర స్టూలు మీదున్న బిందెకి ఫోన్ ఆనించి నిలబెడుతూ. "ఆరు వారాలైనా కదలిక లేనివాళ్ళ పేరు తీసేస్తారట. మన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"ఎన్నిసార్లు చెబుతావు? ఆ ముడి గట్టిగా బిగించు," అన్నాడు లిఫ్టు మెకానిక్కు, వంకరపోయిన మూతితోనే.

పక్షవాతం ఆయన ఎడమ కాలిని పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా మహమ్మారి. ఆసుపత్రికి వెళ్ళడానికి లేదు, ఇంటికొచ్చి కాలు పట్టి కదిలించే దిక్కు లేదు. వారానికి మూడుసార్లు ఫోన్లో కనిపించి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి ఒక్కతే ఆధారం. ఆ అమ్మాయి కూడా చేయి వదిలేస్తే ఈ మనిషి ఇక మంచానికే.

ఉపాయం ఆయనదే. చేపలు పట్టడానికని దాచుకున్న గాలం దారాన్ని చీలమండకు కట్టించాడు. కిటికీ పైచువ్వ మీదుగా వేయించి, కొస పరదా వెనక్కి పంపించాడు.

"పాతికేళ్ళు జనాన్ని పైకెక్కించి కిందికి దించినవాణ్ణి. ఒక్క కాలు ఎత్తించలేనా?"

ఆమెకు నవ్వు రాలేదు. "బంగారంలాంటి పిల్లండీ. మోసం చేయాలంటే మనసొప్పడం లేదు."

"మోసం కాదే, అరువు. కాలు వచ్చాక నిజంగానే ఎత్తి చూపిస్తాను."

ఫోన్ మోగింది. ఆమె మీట నొక్కేసి పరదా చాటుకు పరుగెత్తింది. ఆయన పాదాలు ఫోన్ వైపు, తల ఇటువైపు. పరదా సందులోంచి ఆమెకు ఆయన ముఖం ఒక్కటే కనిపిస్తోంది.

"అంకుల్, రెడీనా? ఎడమ కాలు ఎత్తడానికి ప్రయత్నించండి."

ఆయన పళ్ళు బిగించాడు. నుదుటి మీద నరాలు ఉబ్బాయి. ఆమె దారం లాగింది. కాలు జానెడు లేచింది.

"ఇంకోసారి, అంకుల్."

లాగింది.

"మళ్ళీ."

ఆ పిల్ల విడిచిపెట్టడం లేదు. ఎనిమిదోసారికి దారం ఆమె అరచేతిని కోసేసింది. ఆయన చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"ఆంటీ ఏరీ? ఒకసారి ముందుకు రమ్మనండి."

అయిపోయిందనుకుంది ఆమె. నెత్తురోడుతున్న చేతిని కొంగుతో అదుముకుంటూ ఫోన్ ముందుకు వచ్చింది. తల ఎత్తలేకపోయింది.

"తప్పయిపోయిందమ్మా. లాగింది నేనే. ఆయన కాలు కదల్లేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, పేరు మాత్రం తీసేయకు."

"దారం మొదటిసారే కనిపించింది ఆంటీ. ఎండకి తళుక్కుమంది."

ఆమెకు ఏడుపుతో పాటు ఒళ్ళు మండింది. "తెలిసి కూడా ఎనిమిదిసార్లు ఎందుకు లాగించావమ్మా?"

"నా కళ్ళను నేనే నమ్మలేక," అంది ఫిజియో అమ్మాయి. "మీరు దారం కట్టింది చీలమండకి. మరి ఎనిమిదిసార్లూ ఆ బొటనవేలిని ఆడించింది ఎవరు?"