జిడ్డుంటే రంగు పట్టదు

"మన పోర్టు ఇంజన్లకి మసుంటాది కదా నాన్నా, దీనికి లేదేటి?" అని పాప ఎన్నిసార్లో అడిగింది. ఇన్నాళ్ళకి సాయిశంకర్ ఆ బొమ్మ రైలింజన్ పని పట్టుకున్నాడు. చక్రాలకి తుప్పు రంగు, కప్పు మీద బొగ్గు మసి, పక్కల ఎర్రదుమ్ము. అచ్చం యార్డులోంచి ఇప్పుడే వచ్చినట్టుంది.

"సూడు రాణీ!" అన్నాడు భార్యతో.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ఇంజన్ కిటికీ కింద వేలితో తడిమింది.

"ఇక్కడ జిడ్డుండాలి. ఏదండీ?"

"ముందే సబ్బెట్టి కడిగీసాను. జిడ్డుంటే రంగు పట్టదు కదే."

రాణి అక్కడే కూర్చుని ఇంజన్‌ని ఒళ్ళో పెట్టుకుంది.

"అది పాప వేళ్ళ జిడ్డండీ. పాప పోయిన్నాడు అందరూ కలిసి ఇల్లంతా కడిగీసారు. ఇదొక్కటీ కడగనీకుండా దాసుకున్నాను నాను."