రాయి మీద మట్టి

కుక్క గోకిన చోట మట్టిపెళ్ళ ఊడి, రాయి మీద అక్షరం బయటపడింది.

ప్రభుదాస్ సారు చేతిలోని గొలుసు వదిలేసి అక్కడే చతికిలబడ్డాడు.

చిట్యాలలో సోషల్ సారుగా రిటైరై జఫర్‌గఢ్ వచ్చి నాలుగేళ్ళయింది. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయనకు మిగిలినవి రెండే పిచ్చులు. పాత రాళ్ళు, ఈ కుక్క.

మూడేళ్ళ కింద ఎవరో దీన్ని చీరపేలికతో ఆయన గేటుకు కట్టేసి పోయారు. చిన్నపిల్లే గాని దాని అరుపుకు వాడకట్టంతా లేచింది. అందుకే ఫిరంగి అని పేరు పెట్టాడు. ఊరు ఆయనకు రాళ్ళ సారని పెట్టింది. రోజూ పొద్దున్నే ఫిరంగి ఆయన్ని ఈ గుట్టకే గుంజుకొస్తుంది.

గోటితో ఇంకాస్త గీకాడు. ఒక వరుస, రెండు వరుసలు. ఈ గుట్ట మీద శాసనం ఉందని ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"సారూ, జర ఆగు."

వెనక మేకలు కాసే ముసలామె. పేరు గట్టమ్మ అని మాత్రం తెలుసు. చేతిలో బురద బకెట్. చీమ చిటుక్కుమన్నా మొరిగే ఫిరంగి ఆమెను చూసి తోక ఊపింది.

"గా మట్టి తియ్యకు. గట్లనే ఉండనియ్యి."

"నువ్వేనా అవ్వా పూసేది? గిదేందో ఎర్కేనా? ఏడు నూర్ల ఏండ్ల కిందటి రాత!"

"గందుకే సారూ."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. చదువు లేని ముసలిది, ఏ దయ్యానికో భయపడి పూస్తోందనుకున్నాడు.

"నా పెండ్లయిన యేడు గీడ రెండు రాళ్ళుండె..." అని ఆమె ఏదో చెప్పబోయింది.

"గా కత తర్వాత చెప్పు గని," అని సారు సీసాలో నీళ్ళన్నీ పోసి రాయి కడిగాడు.

ఫొటో తీసి, గుట్టకు ఎటు నుంచి రావాలో దారి కూడా రాసి, చరిత్ర గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి అది ఎక్కడెక్కడో తిరిగింది. మహబూబాబాద్ నుంచి ఒకరు, భూపాలపల్లి నుంచి ఇద్దరు ఫోన్ చేశారు. ఒకాయన ఏకంగా 'పరిశోధకులు గారూ' అన్నాడు. సారు పొంగిపోయాడు. ఎవరు మాత్రం పొంగిపోరు?

మర్నాడు వెళితే రాయి నిండా మళ్ళీ మట్టి, పేడ.

సారుకు కోపం నెత్తికెక్కింది. గుట్టకు దారి రాజమల్లు పొలం మీదుగానే. తిన్నగా అతని దగ్గరికి పోయాడు.

"గా ముసలామెను నీ పొలంలకెల్లి పోనియ్యకు. రాయి ఖరాబైతే నీ మీద కేసైతది."

"గామెకు జర తిక్క సార్. మంత్రాలు గింత్రాలు జేస్తదని అంటరు."

మంత్రాలు అబద్ధమని ముప్పైయేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఆ మాటకు నోరు మెదపలేదు. తన పని అవుతోంది కదా!

అప్పుడే మేకలతో వచ్చిన గట్టమ్మ చేతిలోని బకెట్‌ను రాజమల్లు ఒక్క తన్ను తన్నాడు. మేకలను కిందికి అదిలించాడు. గట్టమ్మ తిట్టలేదు, శాపం పెట్టలేదు. సారు మొహంలోకి చూసింది.

"అయితే ఇగ గా రాయి నీ జిమ్మనే గద సారూ, నువ్వే కావలుండాలె?"

"నా జిమ్మనే. నువ్వు పో అవ్వా."

ఆమె పోలేదు. గుట్ట కింద దారి మొదట్లో, నీడ లేని బండ మీద పొద్దంతా కూర్చుంది. మే నెల ఎండ. వచ్చేపోయే ప్రతి మొహాన్నీ చూసేది. ఫిరంగి ఆమె వైపు ఉరకబోతే సారు వెనక్కి గుంజేవాడు. నీడకు పోరాదా అవ్వా అనే మాట ఒకసారి నోటిదాకా వచ్చింది. అంటే అలుసవుతానని మింగేశాడు.

నాలుగో రోజు బండ ఖాళీగా ఉంది. పీడ పోయిందనుకున్నాడు.

ఆరో రోజు పొద్దున ఫిరంగి గొలుసు విడిపించుకుని ముందు ఉరికింది. సారు రొప్పుతూ చేరేసరికి అది మొరగడం లేదు, మూలుగుతోంది.

రాయి నాలుగు ముక్కలైంది. దాని కింద నిలువు లోతు గుంత. చుట్టూ కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. రాత ఉన్న రాయి కింద నిధి ఉంటుందని తవ్వే ముఠా పని. వాళ్ళకు దారి ఎవరు రాసిపెట్టారో సారుకు తెలుసు.

'గందుకే సారూ' అన్న మాట ఆయనకు అప్పుడు వినపడింది.

గట్టమ్మ ఇల్లు అడుక్కుంటూ గుట్ట అవతలికి పోయాడు. రేకుల ఇల్లు. గడప లోపల దీపం వెలుగుతోంది. ఆమె బిడ్డ కొమురమ్మ బయటికొచ్చింది.

"అవ్వ పోయి మూడొద్దులాయె సారూ, వడదెబ్బ. జనగామ దవాఖానకు పోదామంటే ఇనలే. నేను లేస్తే రాయికాడికి ఎవలన్న పోతరన్నది. గా బండ మీదనే ఒరిగింది."

సారు గడప ముందే కూలబడ్డాడు.

"తప్పు జేసిన బిడ్డా. రాయి పలగ్గొట్టిన్రు."

కొమురమ్మ గడప మీద కూర్చుంది.

"మొదటి రాయిని గిట్లనే పలగ్గొట్టిన్రు. అడ్డం పోయిన మా నాయిన కాలిరగ్గొట్టిన్రు. గప్పటిసంది రెండోది ఎవల కంట్ల పడకుండ అవ్వ మట్టి పూస్కుంటనే ఉన్నది."

ఫిరంగి అప్పటికే లోపలికి దూరి, మూలనున్న గోనెసంచిని వాసన చూసి, దాని మీద పడుకుంది. సారు పిలిచాడు. రాలేదు.

"గుర్తువట్టింది సారూ, గా సంచి మీదనే పుట్టింది. దీన్ని మీ గేటుకు కట్టొచ్చింది మా అవ్వనే. రాళ్ళంటే పాణమిడిసే సారొచ్చిండు, కుక్క రోజు ఆయన్ను గుట్టకు తీస్కపోతది, ఇగ నా తర్వాత గా రాయి ఆయన జిమ్మ అన్నది."