ఊఁ కొట్టిన గొంతు

పాడ్‌కాస్ట్ కోసం మధుర ఆ సాయంత్రం రాయల్పాడు వెళ్లి చిన్నవెంకటమ్మ కథ రికార్డు చేసుకొచ్చింది. మొదలుపెట్టేముందు ముసలావిడ, "ఊఁ కొట్టమ్మా. ఊఁ అనేవాళ్లు లేకుంటే కథ యాడ సాగుతాది?" అంది. తన గొంతు పడితే రికార్డింగు పాడవుతుందని మధుర తల మాత్రమే ఊపింది. గదిలో ఉన్నది వాళ్లిద్దరే.

ఊరంతా నిద్రపోయాక, తన ఊరు తమకలోని గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటోంది.

"నలభై ఏండ్లయిందమ్మా, మా ఇంటాయన బంగారు గనిలోకి దిగినాడు."

"ఊఁ."

మగ గొంతు. దుమ్ము మింగినట్టు బొంగురుగా ఉంది.

"దిగినోళ్లంతా పైకొచ్చినారు. ఆయప్పొక్కడే రాలేదు."

"ఊఁ."

మధుర వాల్యూమ్ పెంచింది. చిన్నవెంకటమ్మ కథంతా మధుర ముఖం చూస్తూ చెప్పలేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తూ చెప్పింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

రికార్డింగు ఆపేసింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, లాప్‌టాప్ మూసేసింది. గుండె దిటవు చేసుకోవడానికి పైకే అంది: "అంతే. కథ అయిపోయింది."

వెనకనుంచి, భుజానికి బాగా దగ్గరగా, అదే గొంతు మెల్లగా పలికింది.

"ఊహూఁ."