సుభాషిణి టీచర్ పత్తి చేను

స్కూలు మూతపడ్డాక చరిత్ర చెప్పే సుభాషిణి టీచర్ కూడా వీధిలో అందరిలాగే గ్లౌజుల పనిలో చేరింది. నరసరావుపేటలో వంటింటి గడప దగ్గర కూర్చుని, గ్లౌజులు తొడుక్కుని ఆమె వేళ్లు ఆడిస్తే, అమెరికా పొలంలో మరచేతులు పత్తి తీసేవి. ఆ పని చేస్తూనే సాయంత్రాలు ట్యూషన్ చెప్పేది.

“ఆ పొలాల్లోనే బానిసల చేత పత్తి తీయించేవాళ్లు. చెయ్యి ఆగితే కొరడా దెబ్బే,” అని చెబుతూ ఆమె ఒక్క క్షణం వేళ్లు ఆపింది. గ్లౌజులు చురుక్కుమన్నాయి. మళ్లీ వేళ్లు ఆడించింది.

“పారిపోలేదా టీచర్?” అంది హిమజ.

“పారిపోయారు. ఇళ్లల్లో దాచి, సరిహద్దు దాటించిన వాళ్లున్నారు. బానిసత్వం రద్దయ్యేదాకా ఊరూరా పోరాడారు.”

“మరి మీరెందుకు పారిపోరు?”

పిల్లలు నవ్వారు. టీచర్‌కి నవ్వు రాలేదు.

“ఎక్కడికే పారిపోయేది? నేనున్నది మా ఇంట్లోనేగా.”