మెస్సీయ మూతికి మడ్డి

"ఇది నీ పనే చియావో అవ్వా! మర్యాదగా ఒప్పుకో!"

సన్యాసి వెన్‌షు అరుపుకి ప్రార్థనామందిరం దద్దరిల్లింది. మిగతా సన్యాసులంతా ముక్కులు మూసుకుని నిలబడ్డారు.

గోడమీద పట్టుబట్టపై గీసిన బొమ్మలో మెస్సీయ తామరపువ్వు మీద కూర్చుని, కిరీటంలో చిన్న సిలువతో, ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. కాకపోతే ఆ నవ్వు మీద రాత్రికి రాత్రి ఎవరో చిక్కగా సారా మడ్డి పూశారు. మందిరమంతా ఒకటే పులిసిన కంపు.

చియావో నడుంమీద చేతులు పెట్టుకుంది. పదకొండేళ్లుగా ఆ మఠానికి ఆమే వంటమనిషి.

"నేను పూసింది పొయ్యికి! నిన్న మన ఏడాది చివరి నెలలో ఇరవై నాలుగో రోజు. పొయ్యిదేవుడు పైకెళ్లి ఇంటి గుట్టంతా చెప్పే రోజు. పొయ్యి మూతికి ఇంత మడ్డి పూస్తే నాలుక మొద్దుబారి ఊరుకుంటాడు. ఈ చాంగాన్ పట్నంలో పూయని కొంప ఒక్కటి చూపించు!"

"విన్నారా? మడ్డి తనదేనని తనే అంటోంది!"

"జాడీ వంటింటి గుమ్మంలోనే ఉంది నాయనా. అందులో చెయ్యి పెట్టాలంటే నేనే కావాలా?"

అప్పుడు బిషప్ గివర్గీస్ ముందుకొచ్చాడు. బొడ్డుదాకా గడ్డం, బొంగురు గొంతు. నిన్న పొయ్యి పక్కన నిలబడి, "మడ్డికి నోరు మూసుకునేవాడు దేవుడెలా అవుతాడమ్మా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది ఈయనే. నవ్వడం అయ్యాక వివరాలన్నీ అడిగాడు కూడా.

"పోనీలే వెన్‌షూ. పాపం, తెలియక చేసింది. తుడిచేసి ఇంతటితో వదిలేద్దాం."

"వదిలేస్తే ఎలా అయ్యగారూ? నియమం ఉందిగా! బొమ్మను మైలపరిచినవాళ్ల తాలూకు పోయినవాళ్ల పేర్లు ఏడాదిపాటు ప్రార్థనలో చదవకూడదు."

ఆ పేర్లు మందిరంలో రోజుకి ఏడుసార్లు చదువుతారు. అందులో చియావో మొగుడి పేరు ఉంది. పిల్లా పీచూ లేని మనిషి, ధూపం వేసే దిక్కులేదు. ఆ ఏడు పిలుపులే ఆయనకి ఏడు ముద్దలని నమ్మి ఆమె మెడలో సిలువ వేసుకుంది.

"ఒక్క ఏడాదే కదా అవ్వా," అన్నాడు బిషప్, ఆమె కళ్లలోకి చూడకుండా.

"ఏడాదా? పూట ఆలస్యమైతే గిన్నె విసిరికొట్టే మనిషండీ ఆయన! ఏడాది ఆగుతాడా? నా పీకమీద కూర్చోడూ?"

ఎవరో కిసుక్కుమన్నారు. చియావో నవ్వలేదు. బొమ్మ దగ్గరికి వెళ్లి మడ్డిని దగ్గరగా చూసింది. తర్వాత గిరుక్కున తిరిగింది.

"వెన్‌షు నాయనా, అసలు మడ్డి ఎందుకు పూస్తారు?"

"పైవాడికి తెలియకూడనిదేదో ఉంటే."

"అదీ! మూడు రోజుల ఉపవాసం ముగిశాక నిన్న సాయంత్రం అందరం బిషప్‌గారి ముందు మోకరించామా లేదా? 'పాపినైన నేను, ఫలానా' అని పేరు చెప్పి ఉన్నదంతా కక్కేశామా లేదా? ఉపవాసంలో ఎండు రేగుపళ్లు నాలుగు నమిలానని నేను చెప్పాను. మరి నువ్వు?"

వెన్‌షు గొణిగాడు. "ప్రార్థనలో కునుకు తీశానని..."

"గురక సంగతి చెప్పావా?" అన్నాడు వెనకాల ఒకడు.

"నీ కోడిపందెం సంగతి నువ్వు చెప్పావా?"

"చెప్పానయ్యా! పందెం ఓడిపోయింది కూడా చెప్పాను."

"చాలు, చాలు," అంది చియావో. "మనం చెప్పేసుకున్నవన్నీ పైవాడికి చేరిపోయాయి. ఇంక ఆయన నోరు మూయించి మనకి ఒరిగేదేముంది? మడ్డితో పని పడేది చెప్పుకోనివాడికే. వాడెవడో లెక్కపెట్టు."

వెన్‌షు వేళ్లు మడిచాడు. "మొత్తం తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందిమీ చెప్పుకున్నాం. మన పాపాలు విన్నది బిషప్‌గారు. ఇంకెవరూ లేరే!"

"మరి బిషప్‌గారు ఎవరికి చెప్పుకుంటారు?"

"ఆయన తన పై గురువుగారికి. వారుండేది బాగ్దాద్‌లో. ఒంటెల మీద పోయి రావాలంటే రెండేళ్లు..."

మాట మధ్యలోనే వెన్‌షు నోరు తెరుచుకునే ఉండిపోయింది. తొమ్మిది జతల కళ్లు ఒకేవైపు తిరిగాయి.

"ఛఛ! ఏం మాటలివి?" బిషప్ కంగారుగా గడ్డం దువ్వుకున్నాడు.

గడ్డంలోంచి తెల్లగా ఏదో రాలింది. చియావో వంగి దాన్ని వేలికొనకి అంటించుకుని పైకెత్తింది.

"నువ్వుగింజ. ఉపవాసం మొదలైనప్పట్నుంచీ నా వంటింట్లో నువ్వుల డబ్బా మూత తీయలేదు అయ్యగారూ. పడమటి బజారులో గొర్రెమాంసం రొట్టెల మీద మాత్రం దండిగా చల్లుతారు."

బిషప్ బొమ్మకేసి చూశాడు. మడ్డి మూతితో మెస్సీయ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ మఠంలో ఎన్నడూ ఎవరి ముందూ వంగని ఆ మోకాళ్లు మెల్లగా వంగాయి, వంటమనిషి ముందు.

"వింటావా అవ్వా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మా ఆయన పేరు రేపు చదువుతారా?"

"ఏడుసార్లూ నేనే చదువుతాను."

"అయితే కానివ్వండి."

"పాపినైన నేను... రెండు రొట్టెలు..."

"ముందు పేరు చెప్పాలి అయ్యగారూ," అంది చియావో, అచ్చం ఆయన అడిగే గొంతుతోనే. "అందరికీ వినపడేలా."

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"గివర్గీస్!"