తిరిగి చూడని మనిషి

"పాల్, గడ్డపార ఇటియ్యి" అన్నాడు రవిచంద్ర.

ఏడో మలుపులో ఉన్న నలుగురు కూలీలూ పనిముట్లు కింద పెట్టేశారు. పాల్ వెనక్కి తిరగలేదు. మెడ బిగబట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఈ కొండ మీద పేరు పెట్టి పిలవకూడదు మేస్త్రీ" అన్నాడు లోయవైపు చూస్తూనే.

"నువ్వు చర్చికి పోయేవాడివి కదప్పా. నీకేమి?"

"చర్చీ నాదే, మెడా నాదే."

రవిచంద్ర తిరుపతి నుంచి వచ్చినవాడు. గుడిమెట్లకు ఇనుప కమ్మీలు వేయించే పని. ఏడో మలుపులో పెద్ద బండ ఒకటి అడ్డంగా ఉంది. దాన్ని దొర్లిస్తే గానీ కమ్మీ పడదు. తిరునాళ్లకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

వడమాలపేట అవతల ఆ కొండ గురించి చెప్పుకునే కథ ఒకటే. స్వామి ఆఖరి మెట్టు మీద కాలు పెట్టబోతుంటే అమ్మవారు వెనకనుంచి పేరు పెట్టి పిలిచిందట. స్వామి తిరిగి చూశాడు. చూసినవాడు చూసినట్టే రాయైపోయాడు. గుడిలో విగ్రహం మొహం ఈనాటికీ భుజం మీదుగా వెనక్కే ఉంటుంది. అప్పటినుంచి ఏడో మలుపులో కొండ మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుంది. తిరిగి చూసినవాడు దిగిరాడు.

అప్పుడే కింద నుంచి బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మునస్వామి వచ్చాడు. గుడికి సరుకులు మోసే మనిషి. ఊళ్లో అతనికి రెండు గుర్తులున్నాయి. పెళ్లాం అలివేలమ్మ వదిలేసి పోగా మిగిలినవాడు. కొండ పిలిచినా తిరిగి చూడనివాడు. రెండోది ఉంది కాబట్టే మొదటిది ఎవరూ అతని మొహం మీద అనరు. అతనికి మిగిలిన మర్యాద ఆ ఒక్కటే.

"ఈళ్లకు కొంచెం ధైర్యం చెప్పప్పా. నీకు ఆ పిలుపు వినపడిందంట కదా" అన్నాడు రవిచంద్ర.

మునస్వామి మూట దించి మెట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"పన్నెండేండ్లాయె. ఆ పొద్దు సంగటిలో ఉప్పు లేదని అరిసినాను. దినమూ మధ్యాన్నం క్యారియరెత్తుకుని, ఈడికెక్కే అడ్డదోవన ఆమే వస్తా ఉండె. ఇంక నీ చేతి కూడు కొండకు తేవద్దంటిని. పుట్టింటికి పోతా అనింది. బంగారుపాళ్యం. పోతే పో అంటిని."

"ఆడికి చేరనే లేదంట కదా. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లారీ ఏదో ఎక్కి పోయిందని..." అన్నాడు కూలీల్లో ఒకడు.

పాల్ వాడి కాలు తొక్కాడు. మునస్వామి విననట్టే ఉన్నాడు.

"ఆ సాయంత్రం దిగతా ఉండాను. ఈడికి వస్తానే వెనకనుంచి పిలిచినాది. మా ఇంటామె గొంతే. కొండకు తెలుసప్పా, ఏ గొంతుకు ఎవుడు తిరుగుతాడో."

"మరి నువ్వెట్లా తిరగలేదు?"

"పేరు పెట్టి పిలిచినాది కదా." మునస్వామి కొంచెం నవ్వాడు. "పదేండ్ల కాపురంలో ఆమె నా పేరు పలికిందే లేదు. ఓటరు లిస్టు వాళ్లొచ్చి మొగుని పేరేమి అంటే, పక్కింటి దేవకమ్మను పిలుచుకొచ్చి చెప్పించినాది. అట్లాంటిది పేరు పెట్టి పిలుస్తాదా? అప్పుడే తెలిసిపాయె, ఇది ఆమె కాదని."

కూలీలు దగ్గరికి జరిగి కూర్చున్నారు.

"మూడు దినాలు పిలిచినాది. మొదటి దినం గట్టిగా. రెండో దినం ఏడస్తా. మూడో దినం గొంతు పీలబడిపాయె, గాలి మాదిరి. నేను చెవులకు తువ్వాల చుట్టుకుని దిగినాను. నాలుగో దినం పిలవలేదు. కొండే ఓడిపాయె."

లేచి మూట ఎత్తుకున్నాడు.

"పని చేసుకోండప్పా. పిలిస్తే తిరగొద్దు. అంతే."

"పెద్దాయనా, మా అమ్మ సద్దిలోకి నంజుకోను ఊరిబిండి పెట్టినాది. రెండు ముద్దలు తినిపో" అన్నాడు పాల్.

"వద్దులేప్పా."

పన్నెండేళ్లుగా అతను ఎవరి చేతి కూడూ తినడు. తనే సంగటి కెలుక్కుంటాడు. అందులో ఉప్పు వేసుకోడు.

అతను మలుపు తిరిగి పైకి పోయాడు. కూలీలు గడ్డపారలు అందుకున్నారు.

గుడిలో బియ్యం దించి మునస్వామి స్వామికి దండం పెట్టాడు. స్వామి ఎప్పటిలాగే వెనక్కి చూస్తున్నాడు. పూజారి ఇచ్చిన తీర్థం పుచ్చుకుని, ఖాళీ సంచి భుజాన వేసుకుని దిగడం మొదలుపెట్టాడు.

ఏడో మలుపులో బండ పక్కకు దొర్లి ఉంది. కమ్మీల చప్పుడు లేదు. మాటల చప్పుడూ లేదు. నలుగురూ ఒకచోట వంగి ఉన్నట్టు కంటి కొసకు తెలిసింది గానీ, ఆ మలుపులో అతను ఎప్పుడూ పక్కకు చూడడు. కాళ్ల కింది మెట్లే చూసుకుంటూ దాటిపోయాడు.

పది మెట్లు దిగాడు.

"ము... న... స్వా... మి..."

కాలు ఆగింది. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ.

"మునస్వామి" అని రెండోసారి, ఈసారి కలిపి వినపడింది.

అతను తువ్వాల తీసి చెవులకు చుట్టుకున్నాడు. ముడి గట్టిగా బిగించాడు. తిరగలేదు. మెట్టు తర్వాత మెట్టు, పాతికేళ్లవాడిలా దిగిపోయాడు.

అతని వెనక, బండ కదిలినచోట బయటపడిన లోతు సందులోంచి, ఎముకల మధ్య ఇరుక్కున్న మూడు గిన్నెల క్యారియరును పైకి లాగి, మట్టి తుడిచి, మూత మీద చెక్కిన పెళ్లినాటి పేర్లను పాల్ కూడబలుక్కుని చదువుతున్నాడు.